అమ్మకు చదివి వినిపించవద్దు

ఆక్‌చొక్రాక్, క్రిమియా
24 ఏప్రిల్ 1977

తమ్ముడు ఇజ్జెత్‌కు,

అమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టు. నీ భార్య షెఫికాను పొయ్యి దగ్గర నుంచి పిలువు. ఆ తర్వాత చదవడం మొదలుపెట్టు. అందరూ ఒక్కసారే వింటే నేనూ మీ మధ్య కూర్చున్నట్టు ఉంటుంది.

చేరుకున్నాం. రైల్లో ఉన్నన్ని రోజులూ మా పిల్ల ఎల్మాజ్ కిటికీ వదల్లేదు. సివాష్ ఉప్పునీళ్ళ మీదుగా రైలు క్రిమియాలోకి వస్తుంటే మీ బావ లేచి నిలబడి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎదుటి బెంచీ మీది ముసలాయన, "ఏమయ్యా, ఇక్కడే దిగుతావా?" అన్నాడు. "లేదు తాతా, ఇంట్లోకి వస్తున్నాను" అన్నాడు రిద్వాన్. ఆయనకు ఏమర్థమైందో గాని, కాస్త జరిగి చోటిచ్చాడు.

మన ఊరికి పేరు మార్చారు కదా. దారిలో ఆక్‌చొక్రాక్ ఎటు అని అడిగితే అలాంటి ఊరే లేదన్నారు. ఊరికి పేరిచ్చిన తెల్ల ఊటకు మాత్రం ఎవరూ పేరు మార్చలేదు కాబోలు, అది అలాగే పారుతోంది. నీళ్ళు అదే రుచి అమ్మా. దోసిలి పట్టి తాగి, ముఖం కడుక్కుని, అక్కడే కూర్చుండిపోయాను. ఎల్మాజ్ నా కొంగు లాగి, "ఇంటికి పోదామే" అంటే లేచాను.

గావ్రిలో అనే ముసలాయన కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ మాకు ఇల్లు అమ్మాడు. రెండు గదులు, పెంకుల కప్పు, పెరట్లో బేరి చెట్లు. మన పాత ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. కుర్స్క్ వైపు నుంచి యుద్ధం అయ్యాక వచ్చిన పెలగేయా అనే ఆవిడ అందులో ఉంటోంది. బయటి నుంచే చూశాను. తలుపుకు నీలం రంగు వేసుకున్నారు. లోపలికి వెళ్ళకుండానే తిరిగొచ్చేశానమ్మా.

కాగితాల పని నడుస్తోంది. పాస్‌పోర్టులో, ఇక్కడ ఉండవచ్చని నివాస ముద్ర పడాలి. ఆఫీసులో మనుషులు కొంచెం నెమ్మది. పడుతుంది.

మీ అందరి తలలూ నిమురుతూ,
తెవిదె


బెకాబాద్, ఉజ్బెకిస్తాన్
20 మే 1977

అక్కకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను కొలిమి దగ్గర డ్యూటీలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి వీధివాళ్ళంతా మా గుమ్మంలోనే ఉన్నారు. షెఫికా నా కోసం ఆగకుండానే చదివేసింది. నాకు రెండోసారి చదివింది. మొన్న పద్దెనిమిదిన మూడోసారి చదివాం. ముప్పై మూడేళ్ళ కిందట సైనికులు వచ్చి, తాతార్లన్న వాళ్ళందరినీ పశువుల రైళ్ళలో కుక్కి ఇక్కడికి తోలిన రోజు కదా అది. ఏటా కూడినట్టే మన ఇంట్లో కూడి దువా చేసుకున్నాం. కాఫీలు తాగాక సాబ్రియె పిన్ని, "తెవిదె ఉత్తరం ఇంకోసారి చదవరా, ఊట దగ్గర నుంచి చదువు" అంది.

అమ్మకు తలుపు సంగతి మింగుడు పడలేదు. "మనది పచ్చ తలుపు కదరా. నీలం ఎవరెయ్యమన్నారు దానికి?" అని నన్ను అడుగుతుంది. వేసింది నేనైనట్టు. అప్పుడు నాకు అయిదేళ్ళు. నాకు ఆ తలుపు గుర్తే లేదు. అమ్మతో ఆ మాట అనలేను.

ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళను చాలామందిని ముద్ర వెయ్యకుండా తిప్పి పంపుతున్నారని వింటున్నాం. మీకు అలాంటి అడ్డేమీ లేదంటే బావ అదృష్టవంతుడే. నేను ఫ్యాక్టరీలో చెప్పేస్తాను. చలి పడేలోగా అమ్మను తీసుకుని వచ్చేస్తాం. ఈ ఊరి గాలి నీకు తెలుసుగా, వారం రోజులుగా ఇసుక కొడుతూనే ఉంది. టీలో ఇసుక, దుప్పట్లో ఇసుక. అమ్మ పళ్ళ కింద కరకర అంటోందట.

బావకు చెప్పు, నాకూ ఒక గొడ్డలి సిద్ధం చెయ్యమని. బేరి చెట్లు ఎక్కడానికి మాత్రం నన్ను పిలవొద్దను. పొట్ట వచ్చింది.

నీ
ఇజ్జెత్


ఆక్‌చొక్రాక్
30 జులై 1977

ఇజ్జెత్‌కు, అమ్మకు, షెఫికాకు,

అందరూ బాగున్నారని తలుస్తాను. ఫ్యాక్టరీలో అప్పుడే చెప్పకు తమ్ముడూ. తొందరేముంది? కప్పు కారుతోంది, పెంకులు మార్చాలి. ఒక గదిలో సామాను పోసి ఉంది. మీరొస్తే ఎక్కడ పడుకోబెట్టను?

మీ బావ పని మీద దూరం వెళ్ళాడు. ఏడాది పైనే పట్టేలా ఉంది. ఉత్తరాలు రాస్తాడో లేదో తెలియదు, అలాంటి చోటు. నేనూ ఎల్మాజ్ ఉన్నాం. ఎల్మాజ్ బడికి వెళ్ళడం లేదు, ఇంట్లోనే నా దగ్గర చదువుకుంటోంది. లెక్కల్లో నాకంటే తనే నయం.

అమ్మా, బేరిపళ్ళు ఎండబెట్టాను. చెమ్మ పోగానే పంపిస్తాను. మన పాత ఇంటి పెలగేయా మొన్న ఊట దగ్గర కనిపించింది. నన్ను చూసి బిందె కింద పెట్టి, "నువ్వు ఈ ఊరి పిల్లవేనా?" అంది. అవునన్నాను. ఏ ఇల్లు అని అడగలేదు. అడగకుండానే తెలిసినట్టుంది.

మీరు రావడం సంగతి నేను రాసేదాకా ఆగండి. నేనే రాస్తాను.

తెవిదె


బెకాబాద్
18 సెప్టెంబర్ 1977

అక్కకు,

నీ ఉత్తరం వీధిలో చదవలేదు. చదివితే నవ్వుతారు. మా అక్క మమ్మల్ని పిలిచి, మేం బయలుదేరబోతే గదిలో సామాను ఉందంటోందని ఎలా చెప్పను?

అమ్మకు చదివాం. అమ్మ ఏమందో తెలుసా? "అల్లుడు ఊళ్ళో లేడన్నమాట. అయితే ఆ మంచం ఖాళీయే కదా, నాకు సరిపోతుంది." షెఫికా నవ్వబోయి ఆగిపోయింది. అమ్మ నిజంగానే అంది. మూట కట్టుకుని తలుపు పక్కన పెట్టుకుంది. నాలుగు బట్టలు, నాన్న ఫోటో. రోజూ దాన్ని దాటుకుని నేను పనికి పోతున్నాను.

బావ పని మీద వెళ్ళాడంటున్నావు. పిల్లను బడికి కూడా పంపకుండా ఇంట్లో చదివించుకుంటున్నావు. జమీందార్ల బతుకులా ఉందే. ఇక్కడ మనవాళ్ళు నన్నో మాట అడుగుతున్నారు. ఎవరికీ పడని ముద్ర రిద్వాన్‌కు ఎలా పడిందిరా అని. ఏ కాగితం మీద సంతకం పెట్టాడు, ఎవరి పేర్లు చెప్పాడు అని. సాబ్రియె పిన్ని కొడుకు నా ముఖం మీదే అడిగాడు. చొక్కా పట్టుకున్నాను వాడిది. నువ్వు చెప్పు, ఏం చెప్పమంటావు?

అమ్మకు కాస్త దగ్గు. కంగారు పడాల్సిందేమీ లేదు.

ఇజ్జెత్


ఆక్‌చొక్రాక్
21 నవంబర్ 1977

ఇజ్జెత్‌కు,

నీ ప్రశ్నకు ఈ ఉత్తరంలో జవాబు రాయలేను. మీ బావ ఎలాంటివాడో నీకు తెలియకపోతే ఉత్తరంలో రాసి నమ్మించలేను.

అమ్మను ఇప్పుడు తీసుకురావద్దు. ఇక్కడ చలి ముదిరింది, ఆస్పత్రి దూరం. వసంతం దాకా ఆగండి. మూట విప్పి బట్టలు పెట్టెలో సర్దమను. దగ్గుకు మేక కొవ్వు రాయి, తేనె పాలల్లో కలిపి ఇవ్వు.

అమ్మా, నీ మీద ప్రేమ లేక కాదు.

తెవిదె


బెకాబాద్
29 జనవరి 1978

తెవిదెకు,

రెండు టెలిగ్రాములు కొట్టాను. మొదటిది అమ్మకు బాగాలేదని. రెండోది పోయిందని. నువ్వు రాలేదు. జవాబు కూడా రాలేదు. పోయిన మనిషిని మర్నాటి దాకా ఇంట్లో ఉంచాం. ఇమాం, "ఇదేం పద్ధతయ్యా, ఇంకెంతసేపు?" అని కసిరాడు. "మా అక్క వస్తుంది" అన్నాను. రైల్లో రావడానికే నాలుగు రోజులు పడుతుందని తెలిసీ అన్నాను. కనీసం కబురైనా వస్తుందనుకున్నాను.

ఆఖర్న అమ్మ నీ పేరే తలుచుకుంది. "తెవిదె బండి పంపిందా?" అని అడిగేది. పంపిందమ్మా, దారిలో ఉంది అనేవాళ్ళం. కాలవ గట్టు పైన, మనవాళ్ళ గోరీలున్న చోటే పెట్టాం. గాలికి మట్టి నిలవలేదు, రాళ్ళు పేర్చాం.

నీకు ఇల్లుంది, ఊట ఉంది, బేరి చెట్లున్నాయి. నీ మొగుడు ఏం అమ్ముకుని అవి కొన్నాడో ఇప్పుడు నేనూ అడుగుతున్నాను. సాబ్రియె పిన్ని కొడుకు చొక్కా పట్టుకున్నందుకు వెళ్ళి వాడికి క్షమాపణ చెప్పుకున్నాను.

ఇక నాకు అక్క లేదు. ఉత్తరాలు రాయకు.

ఇజ్జెత్


నొవొఅలెక్సేయెవ్కా, ఖెర్సోన్ జిల్లా
9 మార్చి 1978

ఇజ్జెత్‌కు,

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించవద్దు. షెఫికా, నువ్వూ ఇజ్జెత్ బయటికి వెళ్ళి చదువుకోండి. పోస్టులో వెయ్యడం లేదు, మన ఉత్తరాలు విప్పి చదువుతారు. తాష్కెంట్ వెళ్తున్న మనవాళ్ళ చేతికిస్తున్నాను.

నేను ఇన్నాళ్ళూ రాసినవన్నీ అమ్మ వినడానికి రాసినవి. ఇప్పుడు నీకు రాస్తున్నాను.

ముద్ర పడలేదు. ఒక్కరోజు కూడా పడే దారి కనిపించలేదు. ఆఫీసులో, "ఇల్లు మీ పేర రాయడానికి ముద్ర కావాలి" అన్నారు. ముద్ర వేసేచోట, "ఇల్లు మీ పేర ఉంటేనే ముద్ర" అన్నారు. ముద్ర లేకపోతే పని లేదు. ఎల్మాజ్‌ను బళ్ళో చేర్చుకోలేదు. హెడ్‌మాస్టరమ్మ నా ముఖం చూడకుండా, "నన్నేం చెయ్యమంటారమ్మా" అంది. జులైలో రిద్వాన్‌ను కోర్టుకు తీసుకెళ్ళారు. పాస్‌పోర్టు నిబంధన ఉల్లంఘించాడని ఏడాదిన్నర శిక్ష వేశారు. నువ్వు ఇక్కడ ఎందుకున్నావని జడ్జి అడిగితే, "నేను పుట్టింది ఇక్కడండీ" అన్నాడు. మీ బావ వెళ్ళిన పని అదీ.

డిసెంబర్‌లో మమ్మల్ని బయటికి గెంటారు. పొద్దున్నే ఎల్మాజ్‌కు జడ వేస్తున్నాను. లారీ వచ్చింది. పోలీసులు, వాళ్ళకు సాయంగా చేతులకు ఎర్ర గుడ్డలు కట్టుకున్న మనుషులు. పొయ్యిలో రొట్టె ఉంది. "అది కాలే దాకా ఆగండి" అన్నాను. నాకు వేరే మాట తోచలేదు. ఒక పోలీసు తల దించుకుని ఆగాడు. వాళ్ళ పెద్ద ఆగనివ్వలేదు. మా సామాను మేం ఎక్కిస్తుండగానే ట్రాక్టరుకు ఇనుప తాడు కట్టి గోడను లాగారు. పెంకులు కొత్తవి తమ్ముడూ. సగం నేనే వేశాను. ఎల్మాజ్ చెవులు మూసుకుంది. జడ ఒకవైపే వేసి ఉంది దానికి.

క్రిమియా దాటించి ఈ స్టేషన్ ముందు దింపి పోయారు. ఇక్కడ ఉండనిస్తారు, క్రిమియా గీత అవతల కదా. మనవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోయారు. ఒక కుటుంబం తమ వంటగది మాకిచ్చింది. కిటికీలోంచి క్రిమియాకు పోయే రైళ్ళు కనిపిస్తాయి.

అమ్మకు మాత్రం ఇల్లు బాగుందనే చెప్పు. పెంకులు మార్చడం అయిపోయిందని చెప్పు. బేరి చెట్లు పూతకొచ్చాయని చెప్పు. వసంతంలో రమ్మన్నాను కదా, ఇంకో సాకు నేను వెతుకుతాను. నువ్వేమీ అనకు. అమ్మ దగ్గు తగ్గిందా?

తెవిదె


బెకాబాద్
6 ఏప్రిల్ 1978

అక్కా,

అమ్మకు చదివి వినిపించవద్దన్నావు. వినిపించలేదు. వినిపించడానికి అమ్మ లేదు. జనవరిలో పోయింది. నీకు ఇంతవరకు తెలియదని నీ ఉత్తరం చదివే దాకా నాకు తెలియదు.

దగ్గు కాదక్కా అది. డాక్టరు అక్టోబర్‌లోనే చెప్పాడు. అంత దూరాన ఉన్నావు, కంగారు పడతావని నేనే రాయలేదు. నువ్వు మా కోసం దాచావు, నేను నీ కోసం దాచాను.

నీ ఉత్తరం ఫ్యాక్టరీ వెనక రైలు పట్టాల దగ్గర కూర్చుని చదివాను. షెఫికా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "వెళ్ళి మీ అక్క కాళ్ళ మీద పడు" అంది. సెలవు అడిగాను, ఇవ్వలేదు. మే తర్వాత వస్తాను.

జనవరిలో నీకొక ఉత్తరం రాశాను. ఆక్‌చొక్రాక్ చిరునామాకు వేశాను. ఇల్లే లేని చోటికి పోయింది కాబట్టి ఎక్కడో పారేసి ఉంటారు. ఎప్పుడైనా నీ చేతికి వస్తే విప్పకుండా పొయ్యిలో పడెయ్యి.

అమ్మ చివరి దాకా నీ ఊటనే తలుచుకుంది. అదైనా నమ్ము.

ఇజ్జెత్


నొవొఅలెక్సేయెవ్కా
2 మే 1978

ఇజ్జెత్‌కు,

పొయ్యిలో వెయ్యమన్న ఉత్తరం అప్పటికే చదివేశాను.

మార్చి చివర్లో పెలగేయా వచ్చింది. మన ఇంట్లో ఉండే మనిషి. పోస్టుమాన్ నా ఉత్తరాలు వెనక్కి తీసుకుపోతుంటే ఆపి, నేనిస్తానని తీసుకుందట. నేనెక్కడున్నానో కనుక్కోవడానికే ఆవిడకు అంత కాలం పట్టింది. బస్సెక్కి, రైలెక్కి, మోకాళ్ళ నొప్పులతో వచ్చింది. తలగుడ్డలో కట్టి తెచ్చిన గుడ్లు బల్ల మీద పెట్టి, వాటి కింద నుంచి రెండు టెలిగ్రాములు, నీ కవరు తీసింది. "చదువు తల్లీ, నేను బయట కూర్చుంటాను" అంది.

అమ్మ పోయిందన్న చోటే ఆగిపోయాను. ఆ తర్వాత నువ్వేం తిట్టావో చాలా రోజుల వరకు బుర్రకెక్కలేదు. ఎక్కాక రిద్వాన్ గురించి రాసిన మాట గుచ్చుకుంది. నన్నెన్ని అన్నా పడతాను. ఆయనకు ఆ ఉత్తరం చూపించను, నువ్వూ ఎప్పుడూ ఆ మాట ఎత్తకు. నాకు కోపం ఉంది. ఉండనీ. అది ఉందని నువ్వు రాయడం మానకు.

వంటగదిలోనే దువా చేయించాను. మాంసం కూరి చెబురెకి వేయించి ఇరుగుపొరుగుకు పంచాను. పెలగేయా కూడా ఒక మూలన కూర్చుంది. అర్థం కాకపోయినా మాతో పాటు చేతులు చాచింది. పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి, "తలుపుకు ముందు ఏ రంగు ఉండేది?" అని అడిగింది. పచ్చ అని చెప్పాను.

అమ్మ గోరీ మీది రాళ్ళు గాలికి జారిపోకుండా చూడు.

తెవిదె


సింఫెరోపోల్ శివారు
17 సెప్టెంబర్ 1989

అక్కకు,

నీ ఇంట్లో రెండు రోజులుండి, బావ సమాధి దగ్గర నేను చెప్పాల్సింది చెప్పుకుని, రైలెక్కాం కదా. మనవాళ్ళు తిరిగి రావచ్చని ఇప్పుడు అంటున్నారు కదా, మమ్మల్ని ఎవరూ దించలేదు. ఇంకో అయిదేళ్ళు బతికి ఉంటే బావ కూడా మాతో వచ్చేవాడని షెఫికా దారి పొడుగునా అంటూనే ఉంది. ఆ జైలు అతని ఊపిరితిత్తుల్ని తినకుండా ఉంటే.

ఊరి బయట ఖాళీ నేలలో మేకులు పాతి, తాళ్ళు కట్టుకున్నాం. మనవాళ్ళవే వందల గుడారాలు. ఇళ్ళు అమ్మరు, స్థలాలు ఇవ్వరు. అందుకే ఇలా కూర్చున్నాం. షెఫికా ఇటుకల మీద పొయ్యి పెట్టి కాఫీ కాస్తోంది. నిన్న వానకు గుడారం కారితే, "బెకాబాద్‌లో ఇసుక తిన్నాం, ఇక్కడ నీళ్ళు తాగుతున్నాం, అన్నీ ఉచితమే" అంది.

మొన్న ఆక్‌చొక్రాక్ వెళ్ళాను. నీలం తలుపు కొట్టాను. పెలగేయా బాగా ముసలిది. నా పేరు చెప్పగానే ద్వారబంధం పట్టుకుని, "ఇల్లు తీసుకోవడానికి వచ్చావా బాబూ?" అంది. నేనేం చెప్పాలనుకుని వెళ్ళానో అంతా మరిచిపోయాను. "లేదమ్మా, చూసి పోదామని" అన్నాను. లోపల కూర్చోబెట్టి దుంపల పులుసు పోసింది. మన సొంత ఇంట్లో చుట్టంలా తిన్నాను అక్కా. ఆవిడ నేను తింటున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. "నా పిల్లలిద్దరూ ఈ గదిలోనే పుట్టారు" అంది. "నేనూ ఇక్కడే పుట్టానమ్మా" అన్నాను.

నీకూ చోటు కొలిచి పెట్టాను, మా పక్కనే. రా.

ఇజ్జెత్


నొవొఅలెక్సేయెవ్కా
8 అక్టోబర్ 1989

తమ్ముడికి,

రాలేను. కోపంతో కాదు, నన్ను తప్పుగా అర్థం చేసుకోవద్దు. ఒకసారి అయింది, చాలు.

నన్ను అక్కడ ఉండనివ్వనప్పుడు గోడలు పట్టుకుని వేలాడాను. ఇప్పుడు ఉండవచ్చంటున్నారు, నా మనిషి ఇక్కడ మట్టిలో ఉన్నాడు. ఆయన పోయేముందు తన మంచం కిటికీ వైపు తిప్పమన్నాడు. రైళ్ళు చూస్తూ పోయాడు. ఆయనను ఈ గడ్డి మైదానంలో ఒంటరిగా వదిలి నేను అక్కడ ఇల్లు కట్టుకోనా? నువ్వు అమ్మను బెకాబాద్‌లో వదిలి వచ్చావు. నిన్ను తప్పు పట్టడం లేదు. నీకు ఆ గుండె ఉంది, నాకు లేదు.

ఇంకో సంగతి. సామాను కట్టాలంటే నాకు చేతులు మాట వినవు. మొన్న ఎల్మాజ్ పెళ్ళిపెట్టె సర్దుతుంటేనే కూర్చుండిపోయాను. అల్లుడు నీళ్ళు తెచ్చిచ్చాడు.

చలి వస్తోంది. షెఫికాకు ఉన్ని శాలువా అల్లుతున్నాను.

తెవిదె


సింఫెరోపోల్ శివారు
12 నవంబర్ 1989

అక్కకు,

ఇక్కడ అంతా బాగుంది. నువ్వు ఇప్పుడే రాకపోవడమే మంచిది. పని నడుస్తోంది. వాతావరణం బాగుంది. వసంతంలో నేనే వచ్చి చూసి వెళ్తాను. మా గురించి బెంగ పెట్టుకోకు. శాలువా తొందరేమీ లేదు.

ఇజ్జెత్


నొవొఅలెక్సేయెవ్కా
21 నవంబర్ 1989

ఇజ్జెత్‌కు,

నీ ఉత్తరంలో షెఫికా లేదు, కాఫీ లేదు, ఒక్క వేళాకోళం మాట లేదు. అక్షరాలు కూడా నీవి కావు, చీమలు పాకినట్టున్నాయి. ఎడమ చేత్తో రాశావు. ఇలాంటి ఉత్తరాలు రాసి రాసి అలిసిపోయినదాన్ని, నా దగ్గరా నీ ఆటలు?

స్టేషన్‌కు వెళ్ళి అటు నుంచి వచ్చే మనవాళ్ళను అడిగాను. ఇద్దరు ఆడవాళ్ళు చెప్పారు. బుల్డోజర్లు వచ్చాయని, గుడారాలు తొక్కేశారని, అడ్డం పడుకున్న మగవాళ్ళను కొట్టారని. "బెకాబాద్ నుంచి వచ్చిన ఇజ్జెత్, పొట్ట మనిషి" అన్నాను. ఒకావిడ, "చెయ్యి విరిగింది ఆయనకే. కట్టు కట్టించుకొచ్చి మళ్ళీ అక్కడే మేకులు కొడుతున్నాడు" అంది. రెండో ఆవిడ, "ఆయన పెళ్ళాం పోలీసుల మీద కాఫీ గిన్నె విసిరింది" అంది. నేను నవ్వాను. ప్లాట్‌ఫాం మీద అందరూ చూశారు. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చి ఎల్మాజ్‌కు చెప్పాను. అది పొయ్యి మీది గిన్నె దించి నా పక్కన కూర్చుంది. తర్వాత, "నాన్న దగ్గర నేనుంటానమ్మా. నువ్వు మావయ్య దగ్గరికి వెళ్ళు" అంది. "ఇన్నేళ్ళూ ఇక్కడే ఉంటానని నేను పట్టుబట్టింది, ఇప్పుడు నాన్నను వదిలేసి పోవడానికా?" అన్నాను. "నాన్న ఉంటే నీకంటే ముందే రైలెక్కేవాడు" అంది.

మర్నాడు రిద్వాన్ దగ్గరికి వెళ్ళాను. గడ్డి పీకి, నేల చదును చేశాను. చెప్పాల్సింది ఏమీ దొరకలేదు. పక్కన కూర్చుని రొట్టె తిని వచ్చాను. బతికున్నప్పుడు కూడా మా ఇద్దరికీ మాటలు తక్కువే.

సామాను కట్టలేదు. చేతులు మాట వినవని రాశానుగా. అల్లుడే కట్టాడు. దుప్పట్లు రెండు, గిన్నెలు, ఒక రంపం, షెఫికా శాలువా. మొదట గోడ లేపుదాం. కప్పు సంగతి తర్వాత చూద్దాం. మళ్ళీ పడగొడితే మళ్ళీ లేపుదాం. నువ్వు ఒంటి చేత్తో ఏం కడతావు? సున్నం కలపడం నాకు వచ్చు.

స్టేషన్‌కు రావద్దు. గురువారం మధ్యాహ్నానికి నేనే వెతుక్కుంటూ వస్తాను.

నిన్న టికెట్ కొనడానికి వెళ్ళాను. టికెట్ కిటికీలో ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంది. ఎల్మాజ్ కంటే చిన్నది. తల ఎత్తకుండానే, "రానూ పోనూనా, ఒకవైపేనా?" అంది. డబ్బులు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. ఆ పిల్ల తలెత్తి నా ముఖం చూసి, మెల్లగా మళ్ళీ అడిగింది.

"ఒకవైపే" అన్నాను.

మీ అక్క
తెవిదె